మొదటి అంగుళం

మార్చి 3

ఒరేయ్ విప్పుడుగాడా,

ఎలా ఉన్నావురా? మరదలు బాగుందా? ఇకమీదట ఫోన్లు వద్దు, ఉత్తరాలే. మొన్న ఆదివారం నీకు వినపడాలని నేను పెట్టిన కేకలకి మీ బావ కడుపుబ్బరం సంగతి వీధి చివర మందుల షాపు దాకా పాకిపోయింది. నిన్న ఆ షాపాయన తనంతట తనే పిలిచి మీ బావ చేతిలో మాత్రల పొట్లం పెట్టాడట. అప్పట్నుంచీ మీ బావ నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. నాకూ హాయిగానే ఉందిలే.

అసలు సంగతికొస్తాను. కుట్టుకొట్టు ఖాళీ చేస్తున్నాను. మోకాళ్ళు ఇక మిషన్ తొక్కనివ్వడం లేదు. కత్తిరింపుల బల్ల గుర్తుందా, నలుగురు పట్టుకుంటే గానీ కదలదు, దాన్ని నిన్న జరిపించాను. దాని వెనక, గోడవారగా, అస్తరు గుడ్డలో చుట్టి నీ గిటారు ఉంది. కనపడ్డదల్లా విప్పేసేవాడివి, పాత బీరువా తలుపు కోసి దానికి ఒళ్ళు చేశావు కదా, ఆ తాళం రంధ్రం అలాగే ఉంది. చెక్క పుచ్చలేదు. తీగలు మాత్రం తుప్పు పట్టి ముట్టుకుంటే తెగిపోయాయి. తీగల మోత పట్టుకోవడానికి నువ్వు చుట్టిన పికప్ రాగితీగ కూడా ఒకచోట తెగి వేలాడుతోంది.

ఇరవయ్యారేళ్ళయింది. ఎవరికీ పనికిరాని వస్తువు. పారెయ్యమంటే పారేస్తాను. మొహమాటం లేకుండా ఒక్క ముక్క రాయి.

గొంతు ఇంకా బొంగురుగానే ఉన్న
అక్క

మార్చి 11

అక్కా,

పారెయ్యకు. పారెయ్యకు. ఇంకోసారి రాస్తున్నాను, పారెయ్యకు! నీ ఉత్తరం పోస్టాయన చేతిలోంచి లాక్కుని గేటు దగ్గరే చదివాను. చదివి గట్టిగా ఏదో అన్నానట, ఎదురింటి కుక్క మొరిగిందట. నాకు కుక్కా వినపడలేదు, నా మాటా వినపడలేదు. మీ మరదలు చెప్పింది.

చెవుల సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. ఎడమది పోయింది. కుడిది సగం ఉంది. డాక్టరు ఆ సగం కూడా ఏడాది, మహా అయితే రెండేళ్ళు అన్నాడు. మందు లేదట. డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు పక్కన పాతికేళ్ళు నిలబడితే ఇంతే మరి, ఒక్కో దెబ్బకి గోడ మీద క్యాలెండరు ఎగిరిపడుతుంది. నన్నిప్పుడు స్టోరు గదిలో కూర్చోబెట్టారు. అయినా ఏ ప్రెస్సు మొరాయించినా నన్నే పిలుస్తారు. స్క్రూడ్రైవరు మొన బేరింగుకి ఆనించి, పిడి దవడకి ఆనించి వింటాను. ఎముకలోంచి వినపడుతుంది. కుర్ర ఇంజనీర్లు నోరెళ్ళబెట్టుకుని చూస్తారు.

ఆ గిటారు పూర్తి చేసి, మోగితే ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలి అక్కా. ఈ చెవి ఉండగానే. నేను వాయించనులే, భయపడకు. నాకు శ్రుతి అందదని నువ్వెప్పుడో చెప్పావు, అది నాకు తెలుసు. మా పక్కింట్లో పాటల మాస్టారు ఉన్నాడు. ఆయన వాయిస్తాడు, నేను పక్కన కూర్చుని వింటాను. జాగ్రత్తగా కట్టి పంపు.

ఇంకొకటి. ఇన్నేళ్ళూ అడగలేకపోయాను. నువ్వు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా నీ మిషన్ మీద, బాబిన్‌కి దారం చుట్టే చక్రానికి తగిలించి ఆ రాగితీగ చుట్టాను. వేల చుట్లు. దాంతో నీ మిషన్ పాడైంది, స్కూలు యూనిఫారాలు సమయానికి ఇవ్వలేకపోయావు, నా మీద విరుచుకుపడ్డావు. ఆ తిట్లు న్యాయమే. నేనే పాపిష్టివాణ్ణి. క్షమించేశానని ఒక్క ముక్క రాయి.

నీ విప్పుడుగాడు

మార్చి 19
(పోస్టు చెయ్యలేదు)

తమ్ముడూ,

నువ్వు నన్ను క్షమాపణ అడుగుతున్నావా! నన్ను!

ఇవాళ చెప్పేస్తాను. నీ గిటారు పాడుచేసింది నేను.

నా పాత టేపుకి మొదటి అంగుళం లేదు. చివర ఇత్తడి బిళ్ళ ఊడిపోయి గుడ్డ పీలికలైతే, అంగుళం మేర కత్తిరించేశాను. అప్పట్నుంచీ ఒకటి దగ్గర పెట్టి కొలవడం, వచ్చిన అంకెలోంచి ఒకటి తీసెయ్యడం. చెయ్యి దానంతటదే తీసేసేది. ఆ ఆదివారం గిటారు మెడ మీద వేళ్ళతో నొక్కే మెట్లకి గీతలు పెట్టింది నేను కదా, నా గీత సన్నగా వస్తుందని. నువ్వు కాగితంలో అంకెలు చదువుతుంటే నేను పెన్సిలుతో గీస్తూ పోయాను. అంకె నాది కాదు, నీ నోటిది. ఒకటి కలపడం మర్చిపోయాను. మెట్లన్నీ అంగుళం పైకి పడ్డాయి. "మొదటి మెట్టు ఇరుగ్గా ఉందేంటక్కా?" అన్నావు. "అలాగే ఉంటాయేమోలేరా" అన్నాను. ఇద్దరం అసలు గిటారు బొమ్మల్లో తప్ప చూసినవాళ్ళం కాదు.

అక్కడితో అయితే పొరపాటే. తర్వాత శుక్రవారం ఎవరిదో చొక్కా చెయ్యి కొలుస్తూ ఒకటి తీసేస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. తెలిసిపోయింది. నువ్వప్పుడు వాకిట్లో కూర్చుని, "నొక్కకుండా మీటితే సరిగ్గా ఉందక్కా, నొక్కితేనే తప్పుతోంది" అని పదోసారి అంటున్నావు. జబ్బు ఎక్కడుందో అంత కచ్చితంగా చెప్పావు. నేను నోరు మెదపలేదు.

సోమవారం, గిటారు వాయించడానికి నిన్ను రమ్మన్న పాటల బృందం వ్యాను బయల్దేరుతుంది. నువ్వెక్కితే ఆరు నెలలు. అమ్మ మంచంలో ఉంది. నువ్వెళ్ళిపోతే ఆ రెండు గదుల్లో అమ్మా, నేనూ, మిషనూ. శనివారం నువ్వొచ్చి, "అక్కా, నిజం చెప్పు, నాకు శ్రుతి అందదా?" అని అడిగావు. అందదురా అన్నాను. నీ మొహం చూడకుండా, సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాను.

మిషన్ నువ్వు పాడుచెయ్యలేదు. చిన్న రబ్బరు చక్రం అరిగింది, అంతే. నామీద నాకున్న ఒళ్ళుమంటకి నిన్ను తిట్టడానికి ఒక వంక కావాలి, దొరికింది. యూనిఫారాలు ఆలస్యమైంది నాకు చేతులాడక.

ఈ ఉత్తరం పంపితే నువ్విక నాకు

మార్చి 20

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఎడమ చెవి పోయిన సంగతి ఇన్నాళ్ళు దాచావా? నీ వీపు విమానం మోత మోగించాలి. ఒంటరిగా రోడ్లు దాటకు. మరదల్ని నీ కుడిపక్కన నడవమను.

మిషన్ గురించి నువ్వు నన్ను క్షమాపణ అడగొద్దు. దానికేం కాలేదు. రబ్బరు చక్రం అరిగితే మార్చాను, అర్ధగంట పని. ఇంకెప్పుడూ ఆ మాట రాయకు.

గిటారు ఇప్పుడే పంపను. పార్సిల్లో పగిలిపోతుంది. నేనే ఇక్కడ రిపేరు చేయిస్తానులే, రేడియోలు బాగుచేసే ఆయన ఉన్నాడు. పాటల మాస్టారికి మాత్రం అప్పుడే చెప్పకు. ఆ రోజుల్లో మనకి కొలతలేం తెలుసురా. నా టేపు కూడా ఎలాంటిదో గుర్తుందా, మొదటి అంగుళమే లేదు దానికి.

మీ బావ మాట్లాడటం మొదలెట్టారు. ఉబ్బరం తగ్గలేదు.

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

దీంతోపాటు పొట్లంలో ఉన్నది నీకే. నా బుర్రకి ఇన్నేళ్ళూ తట్టలేదు చూడు. ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి మొదటి అంగుళం లేని టేపుతో నెట్టుకొచ్చిందంటే తమ్ముడన్నవాడికి సిగ్గుండాలి. నువ్వు నోరు తెరిచి అడగవు, అలా పక్కనుంచి అంటావు. మంచి టేపు, రెండు చివరలా ఇత్తడి బిళ్ళలు. కొట్టు ఖాళీ చేస్తున్నా సరే, మనవరాలి గౌన్లయినా కుట్టకపోవు.

ఇక గిటారు. పంపనన్నావు, మాస్టారికి చెప్పొద్దన్నావు. నాకర్థమైంది అక్కా. అది నీ దగ్గర లేదు. బావ పొయ్యిలో పెట్టేశాడా? లేకపోతే నువ్వే ఎవరికైనా ఇచ్చేశావా? ఇచ్చేస్తే ఇచ్చేశానని రాసెయ్యి. నేనేం అనుకోను. రెండ్రోజులు అన్నం సహించదు, తర్వాత సర్దుకుంటాను.

ఎందుకంటే నువ్వు నాకు చేసిన మేలు ముందు అదెంత? మీ మరదలికి ఎప్పుడూ చెప్తుంటాను, మా అక్క నిజం మొహం మీద చెప్పే మనిషి అని. ఆ శనివారం నువ్వు మొహమాటానికి "అందుతుందిరా" అని ఉంటే నేను వ్యాను ఎక్కి, నలుగురిలో నవ్వులపాలై తిరిగొచ్చేవాణ్ణి. నువ్వు కాపాడావు. ఈ ఉద్యోగం, ఈ ఇల్లు అన్నీ ఆ ఒక్క మాటతోనే. రెండో ఏడే ఫ్యాక్టరీని ఇంత దూరం తరలించడం, నిన్నూ అమ్మనీ వదిలి రావడం మాత్రం మన ఖర్మ.

ఏం చేశావో రాసెయ్యి, దాచకు.

తమ్ముడు

ఏప్రిల్ 9

ఒరేయ్,

గిటారు ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. మీ బావ దానికి దుమ్ము దులిపి గూట్లో నిలబెట్టారు, పాపం ఆయన్ని ఆడిపోసుకోకు.

టేపు అందింది. చాలా బాగుంది. చూసి ఏడ్చాను. ఎందుకని అడక్కు.

నీకో లెక్క. ఒక చొక్కాకి కాజాలన్నీ కత్తిరించాక చూస్తే ఒక్కోటీ సరిగ్గా అంగుళం పైకి పడింది. వాటి మధ్య దూరాలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. గుడ్డ మళ్ళీ దొరకదు. కాజాలు పూడ్చలేం. ఏం చెయ్యాలి? నువ్వు కొలతల పని చేసేవాడివి కదా, తడుతుందేమోనని అడుగుతున్నా.

రెండు రోజులుగా సరిగా నిద్ర లేదు. మోకాళ్ళ నొప్పి.

అక్క

ఏప్రిల్ 17

అక్కా,

హమ్మయ్య, గిటారు ఉందన్నావు! మరి టేపు చూసి ఏడవడం ఏంటే? నేను మరీ అంత పిసినారి తమ్ముణ్ణా, ఒక్క టేపుకే కళ్ళనీళ్ళు తిరగడానికి? మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టు. పడుకునే ముందు పెట్టు.

నీ చొక్కా లెక్క మా ఫ్యాక్టరీలో రోజూ వచ్చేదే. రంధ్రాలన్నీ ఒకే కొలత తప్పితే పని తప్పు కాదు, మొదలుపెట్టిన చోటు తప్పు. అలాంటప్పుడు రంధ్రాల జోలికి వెళ్ళం, మొదలునే జరుపుతాం. నీ చొక్కాకి కాజాలు తప్పలేదు, కాలరు తప్పింది. పైన అంగుళం గుడ్డ ముక్క అతికించి కాలరు అక్కడికి జరుపు. కింద అంచు కూడా అంగుళం పైకి మడిచెయ్యి. కొలత మళ్ళీ కొలతలోకి వచ్చేస్తుంది. ఆ చొక్కా తొడుక్కునేవాడు అతుకు చూసి నిన్ను తిడితే నాకు సంబంధం లేదు.

ఇంత చిన్నదానికి నిద్ర మానుకున్నావా? ముందే అడగొచ్చు కదా.

నీ విప్పుడుగాడు

ఏప్రిల్ 28

తమ్ముడూ,

పార్సిలు ముందు విప్పకు. ముందు ఈ ఉత్తరం చదువు. దీంతో ఇంకో ఉత్తరం పెడుతున్నాను, మార్చి 19న రాసి పంపే ధైర్యం లేక బియ్యం డబ్బా వెనక దాచింది. అది చదివి, తర్వాత ఇక్కడికి రా.

చదివావా?

ఇప్పుడు తెలిసింది కదా ఆ చొక్కా ఏమిటో. దాన్నెలా బాగుచెయ్యాలో నీ నోటితోనే చెప్పించుకున్నాను, అప్పుడు కూడా దొంగతనంగానే. నువ్వు చెప్పినట్టే చేశాను. పైన తీగలు ఆనే ఎముక బద్దని ఊడదీసి, బిరడల వైపు అంగుళం వెనక్కి జరిపాను. మధ్యలో అతికించిన ముక్క నా చెక్క స్కేలుది, మొదటి అంగుళం కోసి ఇచ్చాను. కింద తీగలు ఆనే బ్రిడ్జి మరలు విప్పి, పాత రంధ్రాల్లో అగ్గిపుల్లలు జిగురుతో దిగ్గొట్టి, అంగుళం పైకి బిగించాను. కొలిచింది నువ్వు పంపిన టేపుతో. ప్రతి మెట్టూ మూడేసి సార్లు. నీ అంకెల కాగితం గిటారు చుట్టిన గుడ్డలోనే ఉంది. పికప్ నా బాబిన్ చక్రం మీదే మళ్ళీ మొదటినుంచీ చుట్టాను, మూడు రోజులు పట్టింది. వైర్లు రేడియో ఆయన అతికాడు, కొత్త తీగలు కూడా ఆయనే తెప్పించి బిగించాడు. మోత పెంచి తగ్గించే మీట తాళం రంధ్రంలోనే పెట్టమన్నాను, నువ్వప్పుడు అక్కడే పెడతానన్నావు.

ఇన్నేళ్ళు ఆ వస్తువు చెడిపోయిందనుకున్నావు. నువ్వే చెడిపోయావనుకున్నావు. ఒక్క అంగుళం జరిపితే అయిపోయేది. నీకు చెప్పి ఉంటే ఆ శనివారం సాయంత్రానికల్లా నువ్వే జరిపేసేవాడివి. అది నాకు అప్పుడు కూడా తెలుసు తమ్ముడూ. అందుకే చెప్పలేదు.

వ్యాను ఎక్కకపోతే నాతో ఉంటావనుకున్నాను. రెండేళ్ళు కూడా ఉండలేదు. పైగా నా మాటే నిన్ను ఆ ప్రెస్సు పక్కన నిలబెట్టి నీ చెవులు తినేసింది. కాపాడావని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఆ రోజు ముద్ద దిగలేదు నాకు. నువ్వు నన్నింకెప్పుడూ మంచిదాన్ని అనకు.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

అక్క

మే 8

అక్కగారికి,

పార్సిలు అందింది. ఉత్తరాలు రెండూ చదివాను. కొన్నాళ్ళు మీరు నాకు రాయకండి. నేనూ రాయను.

ఇట్లు

జూలై 14

అక్కా,

"మీరు" అని రాసి తపాలా పెట్టెలో వేశాక చెయ్యి లోపల పెట్టి వెనక్కి తీసుకుందామా అనిపించింది. తియ్యలేదు. నీకు తగలాలనే రాశాను.

గిటారు విప్పకుండా రెండు నెలలు అటక మీద పడేశాను. దాని మాటెత్తితే మీ మరదలి మీద కూడా ఎగిరాను. మొన్న ఆదివారం తనే కిందికి దించి, నా ఒళ్ళో పెట్టి, "మీ అక్క మీద కోపం చెక్క మీదెందుకు?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముందు స్టీలు స్కేలు తెచ్చి కొలిచాను. తప్పు దొరకాలని కొలిచాను, నిజం చెప్తున్నా. దొరకలేదు. వెంట్రుకవాసి తేడా లేదు.

మాస్టారు మోత పెంచే స్పీకరు పెట్టె తెచ్చి తగిలించి వాయించాడు. ఒక్కో తీగా నొక్కకుండా ఒకసారి, సగంలో మెట్టు మీద నొక్కి ఒకసారి. రెండూ ఒకే స్వరం, కింద ఒకటి పైన ఒకటి. శ్రుతి పక్కాగా ఉందండీ, ఎవరు చేశారని అడిగాడు. మా అక్కా నేనూ అన్నాను. కుడిచెవి పెట్టెకి ఆనించి విన్నాను. వినపడింది గానీ, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు వినపడింది.

ఆయన వెళ్ళాక వైరు పీకేసి, దవడ గిటారు ఒంటికి ఆనించి నేనే మీటాను. బేరింగు విన్నట్టు. ఎముకలోంచి వచ్చింది అక్కా, నిండుగా, దగ్గరగా, లోపలే ఎవరో పాడుతున్నట్టు. వేళ్ళు మొద్దుబారిపోయాయి, ఒక్కో చోటు వెతుక్కుని నొక్కాలి. అయినా ఎక్కడ నొక్కితే ఏది వస్తుందో నొక్కక ముందే తెలుస్తోంది నాకు. తెలుస్తోంది! అప్పుడు ఏడుపొచ్చింది. మీ మరదలు పొయ్యి కట్టేసి పరిగెత్తుకొచ్చింది, నేను మామూలుగా ఏడుస్తున్నాననుకుంటే వీధంతా వినపడిందట.

నా కోపం పోలేదు. నువ్వు తప్పు కొలిచావని కాదు, నేనూ బోలెడు తప్పు కొలిచాను, వేల మూతలు తుక్కులో పోశాను. ఇరవయ్యారేళ్ళు నేను స్నానం చేస్తూ కూడా కూనిరాగం తియ్యలేదే. గుళ్ళోనో బళ్ళోనో అందరూ పాడుతుంటే పెదాలు కదిపి ఊరుకున్నాను, నా గొంతుతో వాళ్ళది చెడుతుందని. నా పెళ్ళిలో అందరూ పాడమని పట్టుబడితే దొడ్లోకి పారిపోయాను. ఇవన్నీ నీకు తెలీదు. ఇప్పుడు తెలియాలి.

ఇంకొకటి, అన్నిటికంటే ఇదే ఎక్కువ మండుతోంది. ఉండరా, నాకు భయంగా ఉందిరా అని ఒక్క మాట అని ఉంటే ఉండిపోయేవాణ్ణి కదా. వ్యానూ వద్దు ఏమీ వద్దని ఉండిపోయేవాణ్ణి. గిటారు నీ బల్ల పక్కనే కూర్చుని వాయించుకునేవాణ్ణి. అడగాల్సింది అక్కా.

క్షమించానని రాయడం లేదు, ఎందుకంటే ఇంకా అవలేదు. కానీ నువ్వొకసారి రావాలి. బావని వెంటబెట్టుకుని రా, ఆయన మాత్రలు మర్చిపోకు. తిట్టకుండా ఉంటానని మాటివ్వను. వచ్చాక నా కుడిపక్కన కూర్చో. గట్టిగా అరవక్కర్లేదు, దగ్గరగా ఉంటే చాలు. ఆ శనివారం నేనడిగిన ప్రశ్న మళ్ళీ అడుగుతాను. దానికి జవాబు ఉత్తరంలో చదివాను, అది సరిపోదు. నీ నోటితో చెప్పు. ఈ చెవికి వినపడుతుండగానే వచ్చి చెప్పు.

నీ విప్పుడుగాడు